నింద లెన్స్ మీద పడింది

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. నీళ్లున్న చలికాలంలో కారు పక్కకు తీసి ఆపితే దూరంగా ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి. నేను మొదటిసారి వెళ్లింది తీరుబడిగా, పదకొండు గంటలకు. ఏసీ ఆపకుండానే అద్దం దించి, అద్దెకు తెచ్చిన 600 ఎంఎం లెన్స్ బయటికి పెట్టి మూడు వందల ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి పెద్దవి చేసి చూస్తే ఒక్క పక్షికీ కన్ను సరిగా లేదు. ఈకలన్నీ తడిసిన రంగుల్లా అలుక్కుపోయాయి. లెన్స్ పాడైందని అద్దెకిచ్చినాయనతో గొడవేసుకున్నాను. ఆయన ఏమీ అనకుండా అదే లెన్స్‌తో ఎదురు షాపు గోడ మీది క్యాలెండర్‌ని తీసి చూపించాడు. చిన్నక్షరాల్లో ఉన్న దుర్ముహూర్తం, వర్జ్యం కూడా చదవొచ్చు!

తప్పు గాలిది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలోంచి చిక్కని గాలిలోకి వెళ్లేటప్పుడు కాంతి దారి కాస్త వంగుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే గాలి వక్రీభవన గుణకంలో (అది కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) వచ్చే తేడా దాదాపు పది లక్షల్లో ఒక వంతు. ఇంతోటి దానికి ఫొటో చెడుతుందా అంటే, లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు, అంటే సెన్సర్ 36 ఎంఎం వెడల్పున్న దానికి, 600 ఎంఎం లెన్స్ పెడితే 200 మీటర్ల అవతల 12 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అడ్డంగా 6,000 పిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్‌ వాటాకు వచ్చేది 2 మిల్లీమీటర్లు. కాంతి వంగి, పక్షి కన్ను ఆ 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు కనిపించినా చాలు, పక్క పిక్సెల్‌లో పడుతుంది. దారి పొడవునా బురద మీంచి, తారు మీంచి లేచే వేడి గాలి పొరలు కాంతిని తలోవైపు లాగుతూనే ఉంటాయి. రాత్రి నక్షత్రాలు మిణుకుమనేదీ ఇందుకే.

షట్టర్ స్పీడ్ పెంచితే పోతుందనుకున్నాను. పోదు. సెకనులో రెండు వేలవ వంతులో పక్షి కదలిక ఆగుతుంది గానీ, ఆ క్షణాన గాలి దాన్ని ఎలా వంకర తిప్పిందో ఆ వంకర కూడా అలాగే ఉండిపోతుంది. వరసగా నలభై ఫ్రేములు కొడితే గాలి కుదురుగా ఉన్న క్షణంలో ఒకటో రెండో బాగా రావొచ్చు. టెలిస్కోపులతో గ్రహాలను తీసేవాళ్లు చేసేదీ ఇదే. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి బొమ్మను పెద్దది చేసే టెలికన్వర్టర్ తగిలిస్తే మాత్రం పక్షితోపాటు మసకా పెద్దదవుతుంది, డబ్బులు దండగ. ఇక నా ఏసీ సంగతి: లోపలి చల్లగాలి, బయటి వేడి గాలి సరిగ్గా లెన్స్ మూతి దగ్గరే కలబడ్డాయి. సగం నష్టం నేను చేతులారా చేసుకున్నదే.

మరి దగ్గరికి పోతే? గాలి మందం తగ్గుతుంది, నిజమే. కానీ అవతల ఉన్నది ఫ్లెమింగో. అది తల కిందులుగా ముంచి, నాలుకను పిస్టన్‌లా ఆడిస్తూ, నీళ్లను ముక్కులోని దువ్వెన పళ్ల లాంటి అంచుల గుండా వడగట్టుకుని తింటుంది. మనం బురదలో దిగి నడిస్తే ముందు ఒకటి తల ఎత్తుతుంది. తర్వాత పక్కది. మెడలన్నీ కర్రల్లా నిలబడ్డాయంటే తిండి మానేసినట్టే. ఇంకో నాలుగడుగులు వేస్తే గుంపంతా నీళ్ల మీద పరుగెత్తి లేచిపోతుంది. కూడబెట్టుకున్న కొవ్వు అలా మన ఫొటో కోసం కరగడం నాకు నచ్చదు. నడిచొచ్చే మనిషి కంటే ఆగి ఉన్న కారంటేనే వాటికి భయం తక్కువ. ఇంజిన్ ఆపి కూర్చుంటే ఒక్కోసారి అవే మేస్తూ దగ్గరికొస్తాయి.

ఇప్పుడు తెల్లారకముందే చేరుతున్నాను. నేల ఇంకా వేడెక్కని ఆ గంటన్నరలో 200 మీటర్ల ఫొటో కూడా గీత గీసినట్టు వస్తుంది. పక్షి కంటి ఎత్తులో తీయాలని నేల మీద పడుకోవడం మనవాళ్లకు అలవాటు. ఎండెక్కాక అదే తంటా, వేడి గాలి ఎక్కువ కదిలేది నేలనంటుకునే మరి. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను (పెలికాన్లను) ఎత్తు నుంచి తీసేటప్పుడు ఈ బాధ కాస్త తక్కువ.

పది దాటాక కెమెరా సర్దేసి బైనాక్యులర్స్ తీస్తాను. అప్పటికి బురద మీద మెరుపు తేలుతుంది. దూరపు ఫ్లెమింగోలకు కాళ్లు మాయమై, ఒళ్లు కింద ఇంకో ఒళ్లు తలకిందులుగా అతుక్కుని, గుంపు గుంపంతా నేలకు జానెడు ఎత్తున ఈదుతున్నట్టుంటుంది. మొదటిరోజు తీసిన మూడు వందల్లో చెరపకుండా ఉంచుకున్నది అలాంటిదొక్కటే.