ఆలిండియా రేడియో కాదన్న గొంతు

అమీన్ సయానీని ఇప్పటికీ చాలామంది రేడియో సిలోన్ (నేటి శ్రీలంక రేడియో) అనౌన్సర్ అనే అనుకుంటారు. అది సగమే నిజం. ఆయన నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా కొలంబో నుంచి వినపడేది గానీ, ఆయన అక్కడ ఉద్యోగం చేయలేదు. బొంబాయి స్టూడియోలో మాట్లాడేవారు, ఆ టేపు విమానమెక్కి కొలంబో వెళ్లేది. మన పాట మన ఇంట్లో వినపడటానికి సముద్రం దాటి రావాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

1952లో బి.వి.కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే చిన్నచూపు. ఆయన్ని తిట్టేవాళ్లు మర్చిపోయేదేంటంటే, పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీలు దేశమంతా విన్న జాతీయ సంగీత కార్యక్రమం మొదలైంది కూడా ఆ ఏడాదే. కానీ సినిమా పాటల విషయంలో పంతానికి పోయారు. రేడియోలో వాటి వాటా తగ్గించారు. పాటకు ముందు సినిమా పేరు చెప్తే అది ప్రచారమే అవుతుందని దాన్నీ మాన్పించారు. నిర్మాతలకు ఒళ్లు మండి, ప్రసారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకున్నారు. దాంతో ఆలిండియా రేడియోలో సినిమా పాట దాదాపు మాయమైంది. అప్పట్లో ఆ రేడియో వ్యాపార ప్రకటనలు కూడా తీసుకునేది కాదు.

కొలంబోలో రెండూ కుదిరాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం పెట్టిన బలమైన, చాలా దూరం వినపడే షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు అక్కడ ఉన్నాయి. సిబా అనే స్విస్ కంపెనీ తన బినాకా టూత్‌పేస్ట్ కోసం హిందీ పాటల కార్యక్రమం చేయించాలనుకుంది. పాటలు ఎంచడం, స్క్రిప్ట్ రాయడం, చదవడం, వచ్చిన ఉత్తరాలు విప్పి చూడటం, అన్నీ ఒకరే చెయ్యాలి. వారానికి 25 రూపాయలు. పేరున్నవాళ్లెవరూ ఒప్పుకోలేదు. ఇరవయ్యేళ్లు కూడా నిండని సయానీ ఒప్పుకున్నారు. అంతకుముందు ఓవల్టీన్ ప్రకటన చదివినందుకు ఆయనకి ముట్టిన జీతం వారానికో చిన్న ఓవల్టీన్ డబ్బా!

1952 డిసెంబర్‌లో మొదటి ప్రసారం. ఏదో యాభై ఉత్తరాలు వస్తాయేమో అనుకున్నారు. తొమ్మిది వేలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి అవి వారానికి 65 వేలకు చేరాయి.

ఈ గొంతునే ఆలిండియా రేడియో హిందీ విభాగం ఆడిషన్‌లో తిప్పి పంపేసింది. ఉచ్చారణలో గుజరాతీ, ఇంగ్లీషు వాసన ఉందన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఇంట్లో గుజరాతీ, చదువు ఇంగ్లీషు. అయితే సులువైన హిందుస్తానీ ఆయనకి ఇంట్లోనే అబ్బింది. తల్లి కుల్సుమ్ సయానీ, గాంధీజీ మాట మీద, అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం ‘రహబర్’ అనే పత్రిక నడిపారు. అది దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో వచ్చేది. ఆ పనుల్లో అమ్మకు సాయం చేస్తూ పెరిగిన కుర్రాడికి, బరువైన మాట వాడితే వినేవాడు జారిపోతాడన్న సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా బుధవారం రాత్రి ఎనిమిదింటికి రేడియో దగ్గర చేరారంటే, పాటలతో పాటు ఈ తేలిక భాషకీ అందులో వాటా ఉంది.

మొదట్లో గీత్‌మాలా ర్యాంకుల కార్యక్రమం కాదు. ఏడు పాటలు వరుస లేకుండా వేసేవారు. శ్రోతలే వాటిని వరుసలో పెట్టి రాయాలి, సరిగ్గా రాసినవాళ్లకు వంద రూపాయల బహుమతి. ఉత్తరాల మూటలు విప్పలేక చేతులెత్తేసి, 1954 చివర్లో హిట్ పరేడ్‌గా, అంటే ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే కార్యక్రమంగా మార్చారు. అప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. ఏ పాటకు ఏ స్థానమో ఎలా తేల్చాలి? రికార్డుల దుకాణాల అమ్మకాల లెక్క తీసుకున్నారు. కానీ మంచి గిరాకీ ఉన్న పాట రికార్డు స్టాకు అయిపోతే లెక్కలో కిందికి జారిపోయేది. పోనీ ఉత్తరాల్నే నమ్ముకుందామంటే, ఒకే ఊరివాళ్లు కట్టలకొద్దీ కార్డులు రాసి పడేయొచ్చు. అందుకని ఊరూరా ఉన్న శ్రోతల క్లబ్బుల అభిప్రాయం కూడా కలిపారు. ఆ జాబితాలో ఒక్కో స్థానాన్నీ ఆయన ‘పాయ్‌దాన్’ అనేవారు, అంటే మెట్టు. వారాల తరబడి నిలిచిన పాటకు ‘సర్తాజ్ గీత్’ బిరుదిచ్చి, బాకా ఊదించి మరీ సాగనంపేవారు.

ప్రభుత్వం దిగిరావడానికి ఐదేళ్లు పట్టింది. 1957 అక్టోబర్ 3న ఆలిండియా రేడియో వారి వివిధ భారతి మొదలైంది, అదీ సినిమా పాటలతోనే. ప్రకటనలకు తలుపు తీయడానికి ఇంకో పదేళ్లు, 1967 దాకా ఆగారు. ఈలోపు గీత్‌మాలా పాతుకుపోయింది.

1989లో ఆ కార్యక్రమం వివిధ భారతికి మారింది. కాదని పంపిన రేడియోలోకే సయానీ తన సొంత కార్యక్రమంతో అడుగుపెట్టారన్నమాట. కాకపోతే ఆలస్యమైంది. అప్పటికే చాలా ఇళ్లలో సాయంత్రాలు టీవీ ముందు గడుస్తున్నాయి. 1994లో గీత్‌మాలా ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్లు మళ్లీ వచ్చినా ఆ ఊపు లేదు. 2009లో సయానీకి పద్మశ్రీ ఇచ్చారు. 2024 ఫిబ్రవరి 20న ముంబైలో, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.