ఉడుతకు మతిమరుపా? చలికాలపు తిండి గురించి అపోహలు - వాస్తవాలు

జంతువుల ప్రవర్తన గురించి పాఠాలు చెప్తుంటాను. ఆకులు రాలే కాలం రాగానే అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. "సార్, ఉడుతలు మా పూలకుండీలన్నీ తవ్వి కాయలు పాతేస్తున్నాయి. అవన్నీ వాటికి గుర్తుంటాయా?" జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "ఉండవులెండి, అందుకేగా చెట్లు మొలిచేది!" అక్కడి బూడిదరంగు ఉడుతకు ఇలా మతిమరుపు అంటగడితే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: దాచిన చోటు ఉడుత మర్చిపోతుంది.

వాస్తవం: లూసియా జాకబ్స్, ఎమిలీ లిమన్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఒక్కో ఉడుత పది హేజెల్‌నట్స్ పాతింది. 2, 4 లేదా 12 రోజుల తర్వాత దాన్ని మళ్లీ అక్కడే వదిలారు. ఈసారి వేరే ఉడుతలు ఎంచుకున్న చోట్ల కూడా కాయలు పెట్టారు. వాసనే ఆధారమైతే రెండు రకాలూ సమానంగా దొరకాలి. కానీ ఉడుతలు తాము పాతిన చోట్లలోనే ఎక్కువ కాయలు తీశాయి. వాసనా పనికొస్తుంది, జ్ఞాపకమూ ఉంది. మరి చెట్లెలా మొలుస్తాయంటారా? పాతిన ఉడుతను గద్ద తన్నుకుపోయి ఉండొచ్చు, లేదా అవసరానికి మించి పాతి ఉండొచ్చు.

అపోహ: దొరికిందల్లా పాతేస్తుంది.

వాస్తవం: నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం ఇదే. అక్కడి ఓక్ చెట్లలో తెల్ల ఓక్, ఎర్ర ఓక్ అని రకాలున్నాయి. తెల్ల ఓక్ కాయ రాలిన కొద్దిరోజులకే మొలకెత్తుతుంది. మొలకెత్తితే పప్పులోని సారం వేరులోకి దిగిపోతుంది. ఎర్ర ఓక్ కాయ మాత్రం వసంతం దాకా ఆగుతుంది. అందుకే ఉడుత ఎక్కువగా తెల్ల ఓక్ కాయను అప్పటికప్పుడు తినేసి, ఎర్రదాన్ని పాతిపెడుతుంది. తెల్లదాన్నే దాచాల్సి వస్తే చాలాసార్లు కాయ కొన కొరికి, లోపలి అంకురాన్ని తీసేసి మరీ పాతుతుంది. ఇక అది మొలవదు. పెరట్లో కొన కొరికిన ఓక్ కాయ కనిపిస్తే పారేయకండి, పిల్లలకు చూపించండి.

అపోహ: ఎలుగుబంటి గుహ నిండా తిండి దాచుకుని పడుకుంటుంది.

వాస్తవం: లేదు. ముందే బాగా తిని ఒంట్లో కొవ్వు పెంచుకుంటుంది, ఆ కొవ్వుతోనే నెలలు గడుపుతుంది. మన అడవుల్లోని ఎలుగుకైతే ఆ చలినిద్రే లేదు.

అపోహ: మంచుకొండల మీద చిన్న జంతువులన్నీ చలికాలమంతా నిద్రపోతాయి.

వాస్తవం: ఉత్తర అమెరికా కొండల్లో ఉండే పైకా నిద్రపోదు. కుందేలుకు చుట్టం, గుప్పెట్లో పట్టేంత జంతువు. వేసవంతా మొక్కలు కొరికి తెచ్చి, రాళ్ల సందుల్లో మన పల్లెల్లోలాగే గడ్డివాము వేస్తుంది. అందులో ఆల్పైన్ ఏవెన్స్ అనే మొక్క కూడా ఉంటుంది. వేసవిలో పైకా దాన్ని పెద్దగా తినదు, ఎందుకంటే అందులో పడని వగరు పదార్థాలు ఎక్కువ. గాదెలో ధాన్యానికి వేపాకులాగా, ఆ వగరే వామును పాడవకుండా కాపాడుతుంది. నెలలు గడిచేకొద్దీ వగరు తగ్గిపోతుంది. అప్పుడు, పైన మంచు ఇంకా కరగకముందే, పైకా ఆ మొక్కనూ తినడం మొదలుపెడుతుంది.