దొరక్కపోతే చాలు, అన్నిటికీ 'రేర్' అనెయ్యొచ్చా? అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్తుంటా. ప్రతి బ్యాచ్‌కీ ఒకటే వాక్యం ఇచ్చి ఇంగ్లిష్‌లో చెప్పమంటా: "హైదరాబాద్‌లో తక్కువ అద్దెకి మంచి ఇల్లు దొరకడం గగనం." సగం మంది "వెరీ రేర్ సార్" అంటారు, మిగతావాళ్ళు "నాట్ గెట్టింగ్ సార్" అంటారు. విషయం అర్థమైపోతుంది లెండి, కానీ ఇంగ్లిష్ వాళ్ళు అలా అనరు.

అపోహ: రేర్, స్కేర్స్ ఒకటే.
వాస్తవం: కాదు. మనకి అరుదు వేరు, కరువు వేరు కదా, సరిగ్గా అదే తేడా. రేర్ అంటే ఆ వస్తువు పుట్టుకే తక్కువ, 1952లో బొంబాయిలో బయటపడ్డ బాంబే బ్లడ్ గ్రూప్ లాగా. స్కేర్స్ అంటే మామూలుగా బోలెడు ఉండాల్సింది ఇప్పుడు చాలట్లేదని. 2020లో మాస్కులు స్కేర్స్, 2023 జులైలో కిలో వంద దాటిన టమాటా స్కేర్స్, ఎండాకాలంలో బోరు నీళ్ళు స్కేర్స్, వీటిల్లో ఏదీ రేర్ కాదు. అన్నట్టు, పలికేటప్పుడు 'స్కార్స్' అనకండి ప్లీజ్, వినేవాళ్ళకి గాయాల మచ్చలు గుర్తొస్తాయి.

అపోహ: 'హార్డ్ టు కమ్ బై' అంటే రావడం కష్టం.
వాస్తవం: ఇక్కడ 'కమ్ బై' అంటే చేతికి దక్కడం. పైన ఇచ్చిన ఇంటి వాక్యానికి నేను ఒప్పుకునే జవాబు ఇదే, "గుడ్ హౌసెస్ ఎట్ లో రెంట్ ఆర్ హార్డ్ టు కమ్ బై." మనవాళ్ళు చివర్లో ఆ 'బై'ని మింగేస్తారు, లేదంటే దాని తర్వాత ఇంకో 'దెమ్' తగిలిస్తారు, రెండూ తప్పే. ఒకబ్బాయి అయితే లీవ్ లెటర్‌లో "టుడే ఐ యామ్ హార్డ్ టు కమ్ బై" అని రాశాడు, అంటే ఇవాళ నేను ఎవరికీ దొరకను అని 😀

అపోహ: ఫ్యూ, ఎ ఫ్యూ సేమ్.
వాస్తవం: "ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అంటే కొంతమంది ఉన్నారు. 'ఎ' తీసేస్తే పెద్దగా ఎవరూ లేరని, పాపం అని జాలిపడతారు. లిటిల్ కూడా ఇంతే.

అపోహ: 'హెన్స్ టీత్' అంటే మన కుందేటి కొమ్ము.
వాస్తవం: కుందేటి కొమ్ము అసలు లేనిది, అసాధ్యం. కోడికీ పళ్ళు లేవనుకోండి, కానీ అమెరికా వాళ్ళు ఆ మాట వాడేది చాలా చాలా తక్కువ అనే అర్థంలో, మనం "మందుకైనా దొరకదు" అన్నట్టు. బ్రిటన్‌లో అయితే 'థిన్ ఆన్ ద గ్రౌండ్' అంటారు, ఎగబడి కొనే టికెట్ల లాంటివాటికి 'లైక్ గోల్డ్ డస్ట్' అంటారు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' మాత్రం వస్తువులకి వాడరు, అది అమాసకో పున్నానికో జరిగే పనులకి.

అపోహ: 'మేక్ యువర్‌సెల్ఫ్ స్కేర్స్' అంటే నల్లపూసైపోయి విలువ పెంచుకోమని సలహా.
వాస్తవం: కాదండీ బాబూ, ఇక్కణ్ణుంచి మెల్లగా జారుకో అని. ఎవరైనా అలా అంటే థాంక్యూ చెప్పి అక్కడే నిలబడకండి.