ఐఎస్‌ఓ ఫైల్లో పేర్లు ఎందుకు తెగిపోతాయి?

పాత ఎంపీ3 సీడీ ఒకటి కారు ప్లేయర్‌లో పెట్టాను. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘అన్నమయ్య కీర్తనలు’ అని నేను పెట్టుకున్న పేరు ఎనిమిదో అక్షరం దగ్గర తెగి, తోకకు ఒక అంకె తగిలించుకుని కనిపించింది. అదే సీడీ కంప్యూటర్‌లో పెడితే పేరు నిండుగా ఉంది. డిస్క్ పాడైందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అందులో పాట ఒక్కటే, పేర్ల పట్టికలే రెండు.

ఈ ఎనిమిది అక్షరాల గోల 1985 నాటిది. అప్పట్లో సీడీ రామ్‌లో, అంటే కంప్యూటర్ ఫైళ్లు ఉండే సీడీలో, ఫైళ్లు పేర్చడానికి ఎవరి పద్ధతి వాళ్లదే. ఆ ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్, ఆపిల్, డెక్, సోనీ, ఫిలిప్స్ లాంటి కంపెనీలవాళ్లు అమెరికాలో లేక్ టాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతి మొదలుపెట్టారు. దానికి హోటల్ పేరే పడింది. కొద్ది మార్పులతో అదే 1988లో ఐఎస్‌ఓ 9660 ప్రమాణమైంది. డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా దాచితే మనం రోజూ ‘ఐఎస్‌ఓ ఫైల్’ అంటామే, ఆ పేరు అక్కడిదే.

అన్ని యంత్రాలూ చదవాలంటే అందరిలోకి బలహీనమైనదానికి తగ్గట్టు రాయాలి. అది అప్పటి పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ డాస్. అందుకే ఈ ప్రమాణం మొదటి స్థాయిలో పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3. పెద్ద అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ కుదరవు. రెండో స్థాయిలో 31 దాకా వెళ్లొచ్చు. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లలో పేరు చివర సెమికోలన్, ఒకటి కనిపిస్తాయే, అది ఫైల్ వెర్షన్ నంబరు. డెక్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌లో ఉన్న అలవాటు అది. ఒకసారి రాస్తే చెరగని డిస్క్‌కు వెర్షన్ ఎందుకో మరి!

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు రాక్ రిడ్జ్ అనే పొడిగింపుతో, ఉన్న పట్టికలోనే ఖాళీ చోటు చూసుకుని పూర్తి పేర్లు ఇరికించారు. మైక్రోసాఫ్ట్ విండోస్ 95 కాలంలో జోలియెట్ అనే పొడిగింపు తెచ్చి పక్కనే రెండో పట్టిక పెట్టింది. అందులో పేరుకు 64 అక్షరాలు, యూనికోడ్ కాబట్టి తెలుగూ రాయొచ్చు. కాకపోతే లెక్క మనది కాదు. గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘అన్నమయ్య కీర్తనలు’ మనకు ఎనిమిది అక్షరాలే, జోలియెట్‌కు మధ్య ఖాళీతో కలిపి 17.

అందుకే డిస్క్ ఇమేజ్, అంటే ఐఎస్‌ఓ ఫైల్, తయారుచేసేటప్పుడు జోలియెట్ టిక్ తీసేయకండి. నా కారు ప్లేయర్‌కు తెలిసింది మొదటి పట్టిక ఒక్కటే, దానికి మనం చేసేదేమీ లేదు.

డీవీడీలతో యూడీఎఫ్ అనే కొత్త పద్ధతి వచ్చాక పేరు 255 బైట్ల దాకా సాగింది. విండోస్ ఇన్‌స్టలేషన్ డిస్కుల్లో ఇదే వాడారు. యూడీఎఫ్ తెలియని పాత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఇమేజ్ తెరిస్తే గిగాబైట్ల ఫైల్లో రీడ్‌మీ అనే చిన్న ఫైల్ ఒక్కటే కనిపిస్తుంది. దాని లోపల ఉండేది ఒకటే మాట: ఈ డిస్క్‌కు యూడీఎఫ్ చదవగల సిస్టమ్ కావాలి.