ఒకే పిస్తోలు, వేర్వేరు కోర్టులు: గౌరీ లంకేశ్ హత్య కేసు నేపథ్యం

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళలో చాలామందికి కన్నడ పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్య కేసు ఇప్పుడు ఏటా సెప్టెంబరు 5న పత్రికలో కనిపించే చిన్న వార్త మాత్రమే. మధ్యలో ఎప్పుడైనా ఒక నిందితుడికి బెయిల్ దొరికిందనో, విచారణ వాయిదా పడిందనో తెలుస్తుంది. ఇలా విడివిడిగా చదివితే కేసు ఎక్కడికీ కదలడం లేదనిపిస్తుంది. నిజానికి ఇందులో దర్యాప్తు చురుగ్గానే సాగింది, నత్తనడక విచారణది. ఈ రెంటి మధ్య ఇంత దూరం ఎందుకుందో తెలియాలంటే 2017 కంటే వెనక్కి వెళ్ళాలి.

2013 ఆగస్టు 20న పుణెలో మూఢనమ్మకాల వ్యతిరేక ఉద్యమకారుడు నరేంద్ర దాభోల్కర్‌ను ఉదయం నడకకు వెళ్ళినప్పుడు కాల్చి చంపారు. 2015 ఫిబ్రవరి 16న కొల్హాపూర్‌లో కమ్యూనిస్టు నాయకుడు గోవింద్ పన్సారేపై కాల్పులు జరగగా నాలుగు రోజుల తర్వాత ఆయన మరణించారు. అదే ఏడు ఆగస్టు 30న ధార్వాడలో, శివశరణుల వచనాలపై జీవితకాలం పరిశోధన చేసిన హంపీ కన్నడ విశ్వవిద్యాలయ మాజీ ఉపకులపతి ఎం.ఎం. కల్బుర్గి తన ఇంటి వద్దే హత్యకు గురయ్యారు. మోటారు సైకిలుపై వచ్చి, దగ్గరి నుంచి కాల్చి, అదే బండిపై పారిపోవడం మూడు చోట్లా ఒకే తీరుగా జరిగింది. అయినా దాభోల్కర్ కేసు పుణె పోలీసుల నుంచి సీబీఐకి వెళ్ళింది, పన్సారే కేసు మహారాష్ట్ర ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) చేతిలో, కల్బుర్గి కేసు కర్ణాటక సీఐడీ చేతిలో ఉండిపోయాయి. ఎవరి ఫైలు వారి దగ్గరే ఉన్నంతకాలం పెద్దగా ఏమీ తేలలేదనే చెప్పాలి.

2017 సెప్టెంబరు 5 రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో రాజరాజేశ్వరి నగర్‌లో కారు దిగి ఇంటి గేటు తీస్తుండగా గౌరీ లంకేశ్‌ను కాల్చి చంపారు. ఇంటి సీసీ కెమెరాలో కొన్ని క్షణాల దృశ్యం నమోదైంది గానీ, కాల్చినవాడి తలపై హెల్మెట్ ఉంది. ముఖం కనిపించకపోయినా నడక కనిపిస్తుంది కాబట్టి ఆ నడకతీరును కూడా తర్వాత ఫోరెన్సిక్ పరీక్షకు పంపారు. అంతకంటే గట్టి ఆధారం నేలమీద పడిన ఖాళీ తూటా తొడుగుల్లో దొరికింది. పిస్తోలు పేలినప్పుడు దాని సూది తూటా అడుగున ఒక గుంట చేస్తుంది, ఆ గుంట ఆకారం పిస్తోలు పిస్తోలుకీ మారుతుంది. బెంగళూరులో దొరికిన 7.65 మిల్లీమీటర్ల తొడుగులను, ధార్వాడలో దొరికినవాటిని సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి చూసిన ఫోరెన్సిక్ ల్యాబ్, రెండు హత్యలకూ ఒకే నాటు పిస్తోలు వాడారని తేల్చింది.

గౌరి హత్య జరిగిన మర్నాడే ఏర్పాటైన కర్ణాటక సిట్‌కు తొలి నిందితుడు 2018 ఫిబ్రవరిలో మెజెస్టిక్ బస్టాండు దగ్గర తూటాలతో చిక్కాడు. మనవాళ్ళు అనంతపురం, కడప బస్సులెక్కడానికి వెళ్ళే మెజెస్టిక్కే అది. మైసూరు రచయిత కె.ఎస్. భగవాన్‌ను చంపడానికి పన్నిన కుట్రను ఛేదించే క్రమంలో మిగతావారి జాడ తెలిసింది. తుపాకీ పేల్చాడని పోలీసులు చెబుతున్న వ్యక్తి జూన్‌లో పట్టుబడ్డాడు. నవంబరులో 18 మంది నిందితులపై 9,235 పుటల ఛార్జిషీటు కోర్టుకు చేరింది. మూడేళ్ళుగా కదలని కల్బుర్గి కేసును సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో ఇదే సిట్‌కు అప్పగించగా, ఆ ఏడాదే అందులోనూ ఛార్జిషీటు దాఖలైంది. ఒక కేసు తాళంచెవి మరో కేసు ఫైలులో ఉందన్నమాట.

కోర్టులో మాత్రం కథ మరోలా నడిచింది. వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం ఒక నిందితుడికి వర్తించదని 2021లో కర్ణాటక హైకోర్టు అతడిపై ఆ చట్టం కింద పెట్టిన అభియోగాలను కొట్టివేయగా, గౌరి సోదరి కవితా లంకేశ్ సుప్రీంకోర్టుకు వెళ్ళి అక్టోబరులో ఆ తీర్పును రద్దు చేయించారు. ఇది చిన్న విషయం కాదు. ఈ చట్టం కింద పోలీసు ఉన్నతాధికారి ముందు ఇచ్చిన నేరాంగీకార వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు, మామూలు కేసుల్లో ఆ వీలు లేదు. 2022 జులైలో సాక్షుల విచారణ మొదలైంది. 2023 డిసెంబరులో ఒక నిందితుడికి బెయిలిస్తూ హైకోర్టు చూపిన కారణం సూటిగా ఉంది: ఛార్జిషీటులో 527 మంది సాక్షులుంటే అప్పటికి విచారించింది 90 మందినే, నిందితుడేమో ఐదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. అరెస్టయినవారిలో మిగతావారూ తర్వాత ఒక్కొక్కరుగా బెయిల్ పొందారు. శిక్ష తేలకుండా మనిషిని ఏళ్ళ తరబడి లోపల ఉంచడం సరికాదన్న వాదనను తప్పుపట్టలేం, కానీ ఆ వాదనకు తావిచ్చింది విచారణ జాప్యమే.

పుణెలో 2024 మే 10న దాభోల్కర్ కేసులో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది, ముగ్గురు నిర్దోషులుగా బయటపడ్డారు. అసలు సూత్రధారులను దర్యాప్తు సంస్థలు బయటపెట్టలేకపోయాయని ఆ తీర్పులోనే ఉంది. శిక్ష పడిన ఇద్దరిలో ఒకరు బెంగళూరు కేసులోనూ నిందితుడు. అయితే అక్కడి తీర్పుతో ఇక్కడి నేరం రుజువైపోదు. పిస్తోలు ఒకటేనన్న ఫోరెన్సిక్ నివేదికను కూడా గౌరి కేసు కోసం ఒకసారి, కల్బుర్గి కేసు కోసం మరోసారి, నిందితుల తరఫు లాయర్ల క్రాస్ ఎగ్జామినేషన్‌ను తట్టుకుని విడిగా నిరూపించుకోవలసిందే.