నొప్పి మాత్రలు అల్జీమర్స్‌ను ఆపగలవా? ముప్పై ఏళ్లకు పైగా సాగుతున్న వెతుకులాట

ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న నొప్పి మాత్ర ఒకటి అల్జీమర్స్‌కు మందు కావచ్చన్న వార్త కొన్నేళ్లకొకసారి వస్తూనే ఉంటుంది. మతిమరుపు ముదురుతున్న పెద్దవాళ్లున్న ఇళ్లలో దానిపై ఎంత ఆశ పెట్టుకుంటారో ఊహించవచ్చు. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. అది ఎక్కడ దెబ్బతిన్నదో కూడా తెలుసుకోవాలి.

కెనడాలోని వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్, ఎడిత్ మెక్‌గీర్ అనే శాస్త్రవేత్త దంపతులు అల్జీమర్స్‌తో మరణించిన వారి మెదళ్లను పరీక్షించారు. అక్కడ పేరుకున్న అమిలాయిడ్ ప్రొటీన్ చుట్టూ మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రెచ్చిపోయి కనిపించాయి. అంటే మెదడులో వాపు ప్రక్రియ నడుస్తోందన్నమాట. అలాగైతే కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాపు తగ్గించే నొప్పి మాత్రలు మింగేవాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నతో రికార్డులు తిరగేస్తే, కీళ్లవాతం ఉన్నవారిలో అల్జీమర్స్ అరుదుగా తేలింది. 1990లో ఆ విషయం ప్రకటించారు. 1996లో 17 అధ్యయనాలను కలిపి చూసినా ధోరణి మారలేదు. 2001లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 55 ఏళ్లు దాటిన సుమారు 7,000 మందిపై జరిగిన అధ్యయనం ఈ ఆశను తారస్థాయికి చేర్చింది. ఈ మాత్రలను మొత్తంమీద రెండేళ్లు, అంతకు మించి వాడినవారిలో అల్జీమర్స్ ముప్పు 80 శాతం తక్కువగా కనిపించింది.

రోగులకు మందు ఇచ్చి చూసే పరీక్షలు మాత్రం వేరే మాట చెప్పాయి. 1993లో ఇండోమెథసిన్ అనే నొప్పి మాత్రతో చేసిన చిన్న పరీక్ష కొంత మేలు చూపినా, కడుపు బాధలు తట్టుకోలేక చాలామంది మధ్యలోనే మానేశారు. 2003లో 351 మంది రోగులపై అదే రకానికి చెందిన రోఫెకాక్సిబ్, నాప్రోక్సెన్ పనిచేయలేదు. 2004లో గుండె ముప్పు బయటపడి వయాక్స్ పేరుతో అమ్ముడైన రోఫెకాక్సిబ్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. వ్యాధి రాకముందే ఆపగలమా అని అమెరికాలో 2,500 మందికి పైగా వృద్ధులపై నడుస్తున్న నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ పరీక్షలో కూడా ఆ డిసెంబరులోనే మాత్రలు ఇవ్వడం ఆపేశారు. 2008లో ఫ్లర్బిప్రొఫెన్ అనే నొప్పి మందు నుంచి తయారైన టారెన్‌ఫ్లర్బిల్, 2019లో మాంట్రియల్‌లో మరోసారి నాప్రోక్సెన్ విఫలమయ్యాయి.

ఇంత తేడా ఎందుకు? మెదడులో మార్పులు లక్షణాలకు పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. మతి తప్పాక ఇచ్చిన మాత్ర అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేదు. నాకు మరింత బలంగా తోచే కారణం ఇంకొకటుంది. జ్ఞాపకం సన్నగిల్లుతున్నవారు నొప్పిని చెప్పుకోవడం, మందులు గుర్తుపెట్టుకుని వేసుకోవడం తగ్గిపోతాయి. అప్పుడు రికార్డుల్లో మాత్ర వాడనివారంతా వ్యాధిగ్రస్తుల్లా, వాడినవారంతా ఆరోగ్యవంతుల్లా కనబడతారు. మాత్ర రోగాన్ని ఆపిందో, రోగమే మాత్రను ఆపిందో ఆ లెక్కలు ఒక్కటే తేల్చలేవు.

అయినా పరిశోధన ఆగలేదు. 2016లో బ్రిటన్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బ్రౌ బృందం అల్జీమర్స్ లక్షణాలు కలిగించిన ఎలుకలకు నెలపాటు మెఫెనమిక్ ఆమ్లం ఇచ్చింది. వాటి జ్ఞాపకశక్తి మళ్లీ మామూలు ఎలుకల స్థాయికి వచ్చింది. ఈ మందు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే వాపు యంత్రాంగాన్ని అడ్డుకుంటుందని ఆ బృందం చూపింది. మన దగ్గర నెలసరి నొప్పికి వాడే మెఫ్తాల్‌లో ఉండేది ఇదే మందు. పాత మందు కాబట్టి మనుషుల్లో దాని భద్రత గురించి చాలావరకు ముందే తెలుసు, కొత్త మందుతో పోలిస్తే ఏళ్లు కలిసివస్తాయి. పేటెంటు గడువు తీరిన మాత్రపై కోట్లు పోసి పెద్ద పరీక్ష చేయడానికి కంపెనీలు ముందుకు రావు గనుక, ఆ ఖర్చు ప్రభుత్వాలో దాతృత్వ సంస్థలో భరించాలి.

ఎలుకల ఫలితం చదివి ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మాత్ర మొదలుపెట్టకండి. ఈ రకం మాత్రలు ఎక్కువకాలం వాడితే కడుపులో రక్తస్రావం, మూత్రపిండాల దెబ్బ, గుండెపోటు ముప్పు పెరుగుతాయి. పైగా మెఫెనమిక్ ఆమ్లంతో డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది.