డెంగ్యూ కాలంలో వాట్సాప్ వైద్యం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో వానలు పడటం మొదలైతే మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, పీజీ గ్రూపుల్లో ఏటా అవే మెసేజ్‌లు తిరుగుతాయి. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూను ఎపిడెమిక్ వ్యాధిగా నోటిఫై చేసినప్పుడూ ఇవే తిరిగాయి. పచ్చి అబద్ధాలతో పెద్ద ఇబ్బంది లేదు, చాలామంది నవ్వి వదిలేస్తారు. ముంచేవి సగం నిజాలు. చూడాల్సిన రోజు ఒకటైతే ఇంకో రోజు, చూడాల్సిన అంకె ఒకటైతే ఇంకో అంకె చూపిస్తాయి.

అపోహ: జ్వరం దిగింది, గండం గడిచింది.

డెంగ్యూలో గండం మొదలయ్యేదే అప్పుడు. జ్వరం వచ్చిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య జ్వరం దిగుతుంది. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో కొందరికి రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. థర్మామీటర్ మామూలుగా ఉంది కదా అని పిల్లల్ని స్కూలుకు పంపేది, పెద్దవాళ్లు లాప్‌టాప్ తెరిచేది సరిగ్గా ఈ రెండు రోజుల్లోనే.

తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, చల్లబడిన చేతులు కాళ్లు, మగతగా ఉండటం లేదా ఊరికే చిరాకు పడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఫార్వర్డ్ చేయదగ్గ మెసేజ్ అంటూ ఉంటే ఇదే. గ్రూపుల్లో కనిపించనిదీ ఇదే.

అపోహ: ప్లేట్‌లెట్లు లక్ష కిందికి వస్తే ఎక్కించాల్సిందే.

రక్తస్రావం లేని రోగికి సాధారణంగా 10,000 కిందికి పడితే తప్ప ఎక్కించరు. రక్తస్రావం ఎక్కువగా ఉంటే లెక్క వేరు. ఎక్కించినవి డెంగ్యూలో ఎక్కువసేపు నిలవవు. పైగా అలెర్జీ, ఒంట్లో నీరు ఎక్కువవడం లాంటి చిక్కులు రావచ్చు. కొన్నిసార్లు ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకట్టి మెషిన్ తక్కువ చూపిస్తుంది. రోగి బాగానే ఉండి అంకె మాత్రం ఒక్కసారిగా పడిపోతే స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూసి చెప్పమని ల్యాబును అడగండి.

ప్లేట్‌లెట్ల అంకె ఉండే సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులోనే పీసీవీ అని ఇంకో గడి ఉంటుంది, హెమటోక్రిట్ అన్నా అదే: రక్తంలో ఎర్రకణాల వంతు ఎంత శాతమో చెబుతుంది. ఎవరూ దాని ఫొటో పెట్టరు. మొదటి రోజుల్లో 40 ఉన్నది 48 అయితే 20 శాతం పెరిగినట్టు, అంటే రక్తంలోంచి నీరు కారిపోతోంది. ప్లేట్‌లెట్లు 45,000 ఉండి పీసీవీ కదలని మనిషి కంటే, ప్లేట్‌లెట్లు 70,000 ఉండి పీసీవీ ఇలా ఎగబాకిన మనిషి గురించే డాక్టర్లకు ఎక్కువ బెంగ. అందుకే మొదటి రిపోర్టు పారేయకండి. పోల్చుకోవడానికి అదే ఆధారం.

అపోహ: బొప్పాయి ఆకు రసం తాగితే చాలు.

ప్లేట్‌లెట్ల అంకె కాస్త ముందుగా పెరుగుతుందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. షాక్‌ను (బీపీ ప్రమాదకరంగా పడిపోవడాన్ని) గానీ మరణాన్ని గానీ ఆపుతుందని రుజువు లేదు. కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి, పేరు రసానికి వస్తుంది. దాని చేదుకు వాంతి అయితే ఒంట్లో నీరు పోవడమే కాదు, ఆ వాంతి జబ్బుదో రసానిదో తేల్చడం కష్టం. కివీ, మేకపాలు తింటే, తాగితే తప్పులేదు. మందు అనుకోవద్దు.

తాగాల్సింది ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, మజ్జిగ, గంజి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను ఒక్కసారే లీటరు నీళ్లలో కలపాలి, చిటికెడు చిటికెడుగా కాదు. ఎర్రటి, నల్లటి డ్రింకులు వద్దు. వాంతి అయితే రక్తమా, రంగా అన్నది తెలియదు.

అపోహ: ఒళ్లునొప్పులకు ఏ పెయిన్‌కిల్లరైనా ఒకటే.

పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పిల్లలకు బరువును బట్టి డాక్టర్ చెప్పినంత. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంటుందని చాలామందికి తెలియదు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి డోలోతో కలిపి వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడగాలి.

అపోహ: టెస్ట్ నెగెటివ్, కాబట్టి డెంగ్యూ కాదు.

ఎన్ఎస్1 అంటే రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను వెతికే పరీక్ష, మొదటి ఐదు రోజుల్లో చేయాల్సినది. వైరస్‌పై ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష సుమారు ఐదో రోజు నుంచి పనికొస్తుంది. ఏడో రోజున ఎన్ఎస్1 చేయించి నెగెటివ్ అని ఊరట పడటంలో అర్థం లేదు. నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు టెస్ట్ కంటే ల్యాబులో చేసే ఎలైజా పద్ధతిని నమ్మాలి. ఇంతకుముందు డెంగ్యూ వచ్చింది కాబట్టి మళ్లీ రాదన్నదీ తప్పే: వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, రెండోసారి ఇంకా తీవ్రంగా రావచ్చు.

అపోహ: ఈ దోమ మోకాలి ఎత్తు దాటదు, కాళ్లకు కొబ్బరినూనె రాస్తే చాలు.

తిరుపతి డాక్టర్ చెప్పారంటూ ఏళ్లుగా తిరుగుతున్న మెసేజ్ ఇది. ఏడిస్ దోమ చేతుల మీదా కుడుతుంది, అదీ పగటిపూట. పై అంతస్తుల్లోనూ నీళ్లు దొరికితే అక్కడే గుడ్లు పెడుతుంది. ఫాగింగ్‌తో చచ్చేది ఎగిరే దోమలే, నీళ్లలోని పురుగులు కాదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు. కాబట్టి వారానికోసారి ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది పళ్లాలు, డ్రమ్ములు ఖాళీ చేయాలి. నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు అంచున అతుక్కుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో రుద్దాలి. ట్యాంకర్ నీళ్లు నింపుకునే సంపు మూతకు సందు లేకుండా చూడాలి.

అపోహ: రక్తం కావాలన్న మెసేజ్ ఎంతమందికి పంపితే అంత మంచిది.

పక్కన రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చినట్టు. తేదీ లేకపోతే పంపకండి. తేదీ, ఆసుపత్రి, బ్లడ్ గ్రూపు, కావాల్సింది రక్తమా ప్లేట్‌లెట్లా, ఎప్పటిలోగా కావాలి అన్నవి ఉండాలి. ఉన్నా ముందు ఆసుపత్రి బ్లడ్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, కాబట్టి అవసరం లేనప్పుడు జనం ఎగబడితే వృథా. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లు ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి పనికిరారు, అది కూడా మెసేజ్‌లోనే రాస్తే దాతకు ఒక ట్రిప్పు మిగులుతుంది. దాతలు దొరికాక అదే గ్రూపులో "అవసరం తీరింది" అని పెట్టి, పాతది తీసేయండి.